మిద్దె మీద కాయలు

ఆదివారం, అనంతపురం

ఊరి నుంచి నిన్న రెండు మూటల శెనక్కాయలు వచ్చాయి. కొత్త కాయలు, ఇంకా మన్ను వాసన పోలేదు. పొద్దున్నే అమ్మా నేనూ మిద్దె మీద ఆరబోశాం. నాలుగైదు ఎండలు తగిలితే గానీ చెవి దగ్గర పెట్టి ఊపినప్పుడు గింజ గలగలమనదు. ఆ చప్పుడు వినందే అమ్మ మూట కట్టనివ్వదు. బూజు పడుతుందని భయం.

ఉగ్గాని తిని గిన్నెలు కడుగుతుంటే పాప వచ్చింది. "అమ్మా, పదకొండుకి నాకు థెరపీ ఉంది. పన్నెండు దాకా పైకి ఎవరూ రావద్దు" అంది. పంటి డాక్టర్ దగ్గరికి పోయొస్తా అన్నట్టే అంది. మా ఇంట్లో ఆ మాట అంత మామూలుగా వినపడటం నాకింకా కొత్తే.

ఇది నాలుగోసారి. పాప ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మొన్న సెమిస్టర్ పరీక్షలప్పుడు బస్సులో ఉన్నట్టుండి గుండె దడదడలాడి, చేతులు తిమ్మిరెక్కి, ఊపిరాడక సప్తగిరి సర్కిల్‌లో దిగిపోయింది. ఈసీజీ తీయిస్తే బాగానే ఉంది. పానిక్ అటాక్ అన్నారు డాక్టర్. "హమ్మయ్య, ఏం లేదంట" అన్నాను నేను. "గుండెకి ఏం లేదమ్మా. నాకు ఉంది" అంది పాప. ఆ తర్వాత అంతా తనే వెతుక్కుంది. మందులు రాసేది సైకియాట్రిస్ట్ అని, మాటలతో వైద్యం చేసేది సైకాలజిస్ట్ అని, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థలో పేరు నమోదై ఉండాలని నాకు చెప్పింది కూడా తనే. రీల్స్‌లో ధైర్యం చెప్పేవాళ్లని పక్కన పెట్టి, నమోదు ఉందో లేదో చూసుకుని ఒకామెను ఎంచుకుంది. బెంగళూరులో ఉంటుంది, తెలుగు మాట్లాడుతుంది. వీడియో కాల్‌లో యాభై నిమిషాలు, వెయ్యి రూపాయలు.

ఆ రోజు నాకు మొదట వచ్చిన ఆలోచన ఏంటో ఇక్కడైనా నిజం రాయాలి. బిడ్డ బస్సులో ఒక్కతే ఎంత భయపడిందో అని కాదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరికైనా తెలిస్తే ఎట్లా అని.

పదకొండుకి పాప పైరూముకి పోయింది. నేను చాటలో బియ్యం పోసుకుని మెట్ల మొదట్లో కూర్చున్నా. మాది రెండు గదులు, ఒక హాలు. గదులకు తలుపులున్నా పగలు కర్టెన్లే. మా ఇంట్లో తలుపు మూసి ఉందంటే ఎవరో అలిగారనో, బట్టలు మార్చుకుంటున్నారనో అర్థం. మనసులో మాట చెప్పుకోవడానికి ఒకరు తలుపు మూసుకోవడం ఇంతకు ముందు లేదు. పాప నన్ను అడిగింది ఆ గంటసేపు తలుపు మాత్రమే. నన్నేదో అర్థం చేసుకోమనీ అడగలేదు, సలహా చెప్పమనీ అడగలేదు. అందుకే ప్రతిసారీ నేనే కాపలా.

అక్కడ కూర్చుంటే తమ్ముడు గుర్తొస్తాడు. 2003లో వాడి డిగ్రీ అయిపోయింది. ఆ ఏడే నిద్రపోవడం మానేశాడు. రాత్రంతా పెరట్లో తిరిగేవాడు. వీధిలో ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే తన గురించే అనేవాడు. "నాకేదో అవుతాంది అక్కా" అని మాత్రం చెప్పగలిగేవాడు, అంతకు మించి వాడి దగ్గర మాట లేదు. గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం. దర్గాలో మూడు శుక్రవారాలు నిద్ర చేయించాం. దేవుడికి మొక్కినందుకు నాకు ఈ రోజుకీ బాధ లేదు, అమ్మ నిలబడటానికి అప్పట్లో అదొక్కటే ఆధారం. మూడేళ్లు ఇంకేమీ చేయకుండా కూర్చున్నందుకే బాధ. చివరికి తెలిసిన కాంపౌండర్ ఒకాయన బెంగళూరులో మనసు జబ్బులకి పెద్దాసుపత్రి ఉందని, నిమ్హాన్స్ పేరు చెప్పాడు. రాత్రి బస్సెక్కి అక్కడికి తీసుకుపోయాం. మందులు మొదలుపెట్టిన రెండు నెలలకి వాడు తెల్లారేదాకా నిద్రపోయాడు. ఆ పొద్దు అమ్మ వాణ్ని లేపకుండా పక్కనే కూర్చుని విసనకర్రతో విసిరింది.

బంధువులకి మాత్రం కడుపులో పుండు అని చెప్పాం. బెంగళూరు ఎందుకు పోయారంటే పుండుకి, మాత్రలు ఏంటికంటే పుండుకి. వాడిప్పుడు ధర్మవరంలో సొంతంగా షాపు పెట్టుకున్నాడు, ఇద్దరు పిల్లలు, బాగున్నాడు. పోయిన నెల పెళ్లిలో పంక్తిలో కూర్చుంటే మా పెద్దమ్మ వడ్డించే పిల్లోణ్ని ఆపి, "వానికి కారం వేయొద్దు నాయనా, కడుపులో పుండు" అంది. తమ్ముడు తలొంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు. ఊరిమిరపకాయంటే వాడికి ప్రాణం. మేం చెప్పిన అబద్ధం వల్ల ఇరవై ఏళ్లుగా నలుగురిలో వాడు చప్పటి కూడే తింటున్నాడు.

ఇంకొకటి తెలిసి ఈ మధ్య నిద్ర పట్టలేదు. బళ్లారి మాకు వంద కిలోమీటర్లు. అక్కడే 1980ల్లో నిమ్హాన్స్ వాళ్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకీ, పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తలకీ శిక్షణ ఇచ్చి, మనసు జబ్బుల్ని ఊళ్లలోనే గుర్తుపట్టి మందులిచ్చే ఏర్పాటు చేశారట. దాన్ని చూసే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. మా పుట్టింటివాళ్లకి బళ్లారిలో బంధువులున్నారు. పెళ్లిళ్లకీ పేరంటాలకీ పోతూ వస్తూనే ఉన్నాం. ఈ కబురు మాత్రం మాలో ఎవరూ మోసుకురాలేదు.

నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లలు ఇప్పుడు ఆంగ్జైటీ, ఓవర్ థింకింగ్, ట్రామా అన్నీ వాడేస్తారు. లెక్కల పరీక్షలో మార్కులు తగ్గితే డిప్రెషన్ అంటుంది తొమ్మిదో తరగతి పిల్ల. మొదట్లో నాకు విసుగొచ్చేది. ఇప్పుడు రావడం లేదు. మాట పెద్దదైతే కూర్చోబెట్టి మాట్లాడి తగ్గించొచ్చు, మాటే లేకపోతే ఏం చేస్తాం? మగపిల్లలు ఇంకా నోరు విప్పరు. పోయిన వారం పదో తరగతి అబ్బాయి ఒకడు అందరూ వెళ్లిపోయే దాకా ఆగి, "నిద్ర పట్టకపోతే ఏం చేయాలి మేడం? నాకు కాదు, మా ఫ్రెండుకి" అన్నాడు. ఫ్రెండుకి చెప్పమని 14416 రాసిచ్చాను. టెలి మానస్ అని, మనసు బాధలు చెప్పుకునే ఫోన్ నంబరు, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. రాత్రీ పగలూ ఎప్పుడు చేసినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులుండవు. వాడు ఆ చీటీని మడిచి మడిచి పెన్ను క్యాప్‌లో పెట్టుకున్నాడు. నూరుమంది, అంతకన్నా ఎక్కువ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కౌన్సిలర్ ఉండాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక బిడ్డ కేసులో వచ్చిన తీర్పు అది. మా బడిలో మూడు వందల మంది ఉన్నారు. కౌన్సిలర్ ఇంకా రాలేదు. వచ్చేదాకా నేను అడుగుతూనే ఉంటాను.

పదకొండున్నరకి వెలుతురు తగ్గింది. అమ్మ వరండాలోకి వచ్చి పైకి చూసి, "మబ్బు పట్టిండాది. లెయ్, కాయలు తడుస్తాయి" అంది.

"పాప మాట్లాడుతోంది మా. కొంచేపు ఉండు."

"మాట్లాడనీ. నేనేమన్నా మధ్యలో పోతానా? కాయలెత్తుకుని వస్తా."

మెట్టు మీద కాలు పెట్టింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అమ్మకి చెయ్యి అడ్డం పెట్టడం నా బతుకులో ఇదే మొదలు. "రెండు మూటలే. బూజొస్తే పారబోయాల్సిందే" అంది. "పోతే పోనీ మా" అన్నాను. ఆమె నన్ను కాసేపు చూసి వెనక్కి తగ్గింది గానీ లోపలికి పోలేదు.

అంతలోనే చినుకులు. నాకే మనసొప్పలేదు. చెప్పులు విడిచి, మూలనున్న పట్ట తీసుకుని పైకి పోయాను. రూము కిటికీ కాయల వైపే ఉంది. గోడకి ముఖం పెట్టి, వంగి, పట్ట ఒక్కో అంచూ చప్పుడు కాకుండా లాగుతూ వచ్చాను. చప్పుడు చేయకూడదు, మాట వినకూడదు. రెండూ కుదరలేదు. ఒక ముక్క చెవిన పడింది. అది నాకోసం చెప్పింది కాదు కాబట్టి ఇక్కడ కూడా రాయను. అంచుల మీద రాళ్లు పెట్టి దిగొచ్చేసరికి వీపంతా తడిసింది.

వాన పది నిమిషాలే. అయినా ఒక పక్క కాయలు తడిశాయి. వాటిని హాల్లో దుప్పటి మీద పోసి ఫ్యాను వేశాం. పాప దిగొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మనిషి తేలిగ్గా ఉంది. మా పక్కనే కూర్చుని తడి కాయలు ఏరసాగింది.

అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దుడ్లెంత తీసుకుంటుంది?" అంది. పాప చెప్పింది. ఇంకో గుప్పెడు కాయలు ఏరాక, "ఆయమ్మ నువ్వు చెప్పినేటివి ఎవురికీ చెప్పదా?" అంది.

"చెప్పకూడదు అవ్వా. 2017లో మానసిక ఆరోగ్య చట్టం చేశారు. మన విషయం దాచి ఉంచడం మన హక్కు. ప్రాణం మీదికి రావడం, కోర్టు ఆదేశం లాంటివి ఉంటే తప్ప బయటికి చెప్పరు."

"చుట్టపోళ్లకి కూడా?"

"ఎవరికీ."

అమ్మ చేతిలో కాయ తీసుకుని చెవి దగ్గర ఊపింది. పచ్చిది, పలకలేదు. పక్కన పెట్టింది.

రాత్రి దీపం ఆర్పబోతుంటే పిలిచి, "మళ్లా ఎప్పుడు పాపకి?" అని అడిగింది.

"వచ్చే ఆదివారం, పదకొండుకే."

"అట్లయితే ఆ పొద్దు కాయలు మిద్దె మీద పోయొద్దు. ముందే దించేద్దాం" అని అటు తిరిగి పడుకుంది.