చిల్లగింజ, ఎండ, ఓ లాగరిథమ్

నా పరిశోధన దేని మీద అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నీళ్లు నములుతాను. లెక్కలా, ఆయుర్వేదమా, సోలారా? మూడూనండీ! నీళ్లలోని క్రిములను ఎండతో చంపి తాగేలా చేయడం నా పని.

మొదట్లో చెరువు నీళ్లు అలాగే ప్లాస్టిక్ సీసాలో పోసి 6 గంటలు ఎండలో పెట్టేశాను. ఆ నీటి బొట్టును కల్చర్ ప్లేటులో (క్రిములను పెంచి చూసే పళ్లెం) వేసి మర్నాడు చూస్తే నిండా క్రిముల చుక్కలే. బురద అడ్డుపడితే క్రిములను చంపే అతినీలలోహిత కిరణాలు లోపలికి ఎలా పోతాయి? ఆ మాత్రం తట్టలేదు.

అప్పుడు పట్టుకున్నాను చిల్లగింజని. సుశ్రుత సంహితలో నీటిని తేర్చడానికి చెప్పిన కతకం ఇదే. తడిపిన రాతి మీద గింజను అరగదీస్తే పల్చటి తెల్లటి గంధం వస్తుంది. అది కలిపి రాత్రంతా కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కి చేరింది. పైన తేటను వంపి ఎండలో పెట్టాను.

ఇక లెక్క. క్రిములు ఒక్కసారిగా చావవు. 10 లక్షలు లక్షవుతాయి, మళ్లీ అంతసేపటికి 10 వేలు, ఆపైన వెయ్యి. ప్రతి పదింతలనూ ఒక్కో సమాన మెట్టుగా చూపే లాగ్ (లాగరిథమ్) స్కేలు మీద ఇది సరళరేఖ. మబ్బు పడితే రేఖ వాలు తగ్గుతుంది, అంటే క్రిములు నెమ్మదిగా చస్తాయి, సీసా 2 రోజులు ఉంచాలి.

ఈ వారమంతా ముసురే. సీసాలు డాబా మీద, టెన్షన్ నాకు.