పాత కారు ఏసీ: గ్యాస్ పట్టించే ముందు చూడవలసినవి

కారులో చల్లదనం తగ్గిందని చెప్పగానే ఎదుటివారు, వాళ్లు మెకానిక్ అయినా కాకపోయినా, వెంటనే ఇచ్చే సమాధానం ‘గ్యాస్ అయిపోయి ఉంటుంది’ అన్నదే. పెట్రోలులా ఏసీ గ్యాస్ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల గోడల గుండా ఏటా కొద్దికొద్దిగా జారిపోవడం సహజమే కాబట్టి, పదేళ్లు దాటిన బండిలో కొంత లోటు ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు. అయితే ప్రతి ఏప్రిల్‌లోనూ పట్టించవలసి వస్తోందంటే అది ఎక్కడో లీకు ఉందన్నదానికి గుర్తు. ఆ లీకును వెతకకుండా గ్యాస్ మాత్రం నింపి పంపేవారికి మనం వచ్చే ఏడాది పని కూడా ముందుగానే అప్పజెబుతున్నట్లు లెక్క.

నేను కొన్న సెకండ్ హ్యాండ్ పెట్రోలు కారును జనవరి ఉదయం నడిపి చూసినప్పుడు ఏసీ బాగానే ఉన్నట్లు అనిపించింది. అసలు సంగతి విజయవాడలో మే నెల మధ్యాహ్నం బయటపడింది. మధ్య వెంటులో పెట్టిన చిన్న థర్మోమీటరు, బ్లోయర్ నాలుగో నంబరు మీద ఉన్నప్పుడు 19 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. దీన్ని బాగు చేయించే క్రమంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఏమిటంటే, పాత బండిలో ఏసీ బలహీనపడటానికి సాధారణంగా ఒకే ఒక్క పెద్ద కారణం ఉండదు. నాలుగైదు చిన్న లోపాలు పోగుపడి ఉంటాయి. కాబట్టి ఖర్చు లేని పరీక్షలు ముందు చేసి, గ్యాస్ జోలికి చివర వెళ్లాలి.

ఈ కార్లలో ఉండే ఆర్ 134ఏ గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో సున్నాకు దిగువన 26 డిగ్రీల వద్దే మరుగుతుంది. డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో సుమారు 30 పీఎస్ఐ పీడనం దగ్గర అది ఒక డిగ్రీకి అటూ ఇటూ మరుగుతూ లోపలి గాలిలోని వేడిని పీల్చుకుంటుంది. ఆ వేడిని ముందున్న కండెన్సర్‌లో వదిలించుకోవాలంటే గ్యాస్ బయటి గాలి కంటే వేడిగా ఉండాలి. అందుకే కంప్రెసర్ దాన్ని 200 పీఎస్ఐ దాటేదాకా నొక్కుతుంది. అప్పుడు అది 54 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతుంది. అంటే కాయిల్ మీదుగా గాలి వెళ్లాలి, కండెన్సర్ మీదుగా గాలి వెళ్లాలి, మధ్యలో తగినంత గ్యాస్ తిరగాలి. ఈ మూడింటిలో ఏది కుంటుపడినా సీటులో కూర్చున్నవారికి ఒకేలా ఉక్కపోస్తుంది.

మొదటిది, లోపలి గాలి. బ్లోయర్ మోత పెరిగినా గాలి మాత్రం పెరగకపోతే కాయిల్ పూడిపోయిందని అనుమానించాలి. గ్లవ్ బాక్సు విప్పి చూస్తే నా బండిలో క్యాబిన్ ఫిల్టరు పెట్టడానికి గూడు ఉంది కాని అందులో ఫిల్టరు లేదు. కూలింగ్ కాయిల్ ఏసీ నడిచినంతసేపూ తడిగా ఉంటుంది కాబట్టి, అడ్డు లేకుండా వచ్చిన రోడ్డు దుమ్ము అక్కడ బురదగా అతుక్కుని ఎండుతుంది. ఏసీ వేసిన మొదటి నిమిషంలో ముక్కిపోయిన వాసన రావడం, నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోయి ఎడమవైపు కాళ్ల దగ్గర మ్యాటు తడవడం కూడా దీని లక్షణాలే. నురుగు స్ప్రేలు పైపైన పట్టిన దానికి పనికొస్తాయి కాని ఏళ్లనాటి పొరకు పనికిరావు. కాయిల్‌ను బయటికి తీసి కడగాలంటే ముందు గ్యాస్ మొత్తం తీయక తప్పదు. అందుచేత ఈ కడుగుడును గ్యాస్ పనితో కలిపి ఒకేసారి పెట్టుకోవాలి. గ్యాస్ పట్టించిన నెల రోజులకు కాయిల్ సంగతి గుర్తొస్తే అదే ఖర్చు రెండుసార్లు అవుతుంది.

మన ప్రాంతంలో ఎవరూ పట్టించుకోనిది హీటరు. కోస్తా జిల్లాల్లో దాన్ని వాడే అవసరమే రాదు కాబట్టి, దాని తీగ ఎప్పుడో బిగుసుకుపోయి వేడినీటి వాల్వునో గాలి రేకునో సగం తెరిచి ఉంచినా తెలియదు. అలాంటప్పుడు ఏసీ చల్లబరిచిన గాలినే హీటరు మళ్లీ వెచ్చబెడుతుంది. పరీక్ష సులభం. ఇంజను బాగా వేడెక్కాక ఏసీ ఆపి, నాబ్‌ను పూర్తిగా నీలం వైపు తిప్పి, బ్లోయర్ మాత్రం వేసి చూడాలి. వెంటు గాలి బయటి గాలి కంటే స్పష్టంగా వేడిగా ఉంటే హీటరు దారి పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. నా బండిలో ఇది సరిగానే ఉంది.

ఇక రెండోది కండెన్సర్. గుంటూరు వైపు హైవే మీద పరవాలేదనిపించిన ఏసీ బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగగానే వేడిగాలి కొడుతుంటే, ముందుగా అనుమానించవలసింది గ్యాస్‌ను కాదు. బండి పరుగెడుతున్నప్పుడు గాలి తనంతట తానే కండెన్సర్‌ను తాకుతుంది. ఆగినప్పుడు మాత్రం ఆ పని ఫ్యానే చేయాలి. ఫ్యాను తిరుగుతోంది కదా అని వదిలేయకూడదు. మోటారులో బ్రష్‌లు అరిగితే తిరుగుతుంది కాని గాలి లాగదు. దీనికి మెకానిక్‌లు చేసే ఒక చక్కటి పరీక్ష ఉంది. బండిని ఆపి, ఏసీ నడుస్తుండగా కండెన్సర్ మీద మెల్లగా నీళ్లు చిలకరిస్తారు. రెండు మూడు నిమిషాల్లో లోపలి గాలి బాగా చల్లబడితే, లోపం వేడి బయటికి పోయే దగ్గరే ఉన్నట్లు. నా కారులో థర్మోమీటరు ముల్లు కళ్ల ముందే ఐదు డిగ్రీలు కిందికి దిగింది.

ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపించింది. దానికీ రేడియేటరుకూ మధ్య ఉన్న సందులో మాత్రం ధూళి, పురుగుల రెక్కలు, దూదిలాంటి నూగు చాపలా పేరుకున్నాయి. రేడియేటరును కాస్త వెనక్కి జరిపితే తప్ప ఆ సందు కనబడదు. కడిగేటప్పుడు నీళ్లు లోపలి వైపు నుంచి బయటికి పోవాలి. వాటర్ సర్వీసు గన్ను దగ్గర పెట్టి కొడితే పల్చటి రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఫ్యాను మోటారు మార్పించాను. మొత్తం మీద ఎక్కువ మార్పు కనిపించింది ఈ పని వల్లే.

ఆ తరువాతే గ్యాస్. ఇంజను ఆపి గేజ్ పెట్టి, ముల్లు బాగానే ఉందంటే గ్యాస్ నిండుగా ఉందనుకోవడం పొరపాటు. వంటింటి సిలిండరు దాదాపు ఖాళీ అయ్యేదాకా లోపలి పీడనం ఎలా మారదో, ఇక్కడా అంతే. లోపల ద్రవం కొద్దిగా మిగిలి ఉన్నంతవరకు 30 డిగ్రీల వాతావరణంలో గేజ్ సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది. గ్యాస్ 400 గ్రాములున్నా 200 గ్రాములున్నా ముల్లులో తేడా రాదు. ఇంజను నడుస్తుండగా రెండు వైపుల పీడనాలూ చూస్తే కొంత తెలుస్తుంది కాని నమ్మదగింది తూకమే. బానెట్ కింద అంటించిన స్టిక్కరు మీద ఎన్ని గ్రాములు వేయాలో రాసి ఉంటుంది. ఉన్న గ్యాస్ మొత్తం తీసి, వ్యాక్యూమ్ పంపుతో కనీసం అరగంట లాగి, ఆ వ్యాక్యూమ్ నిలుస్తోందో లేదో చూసి, తూకం వేసి నింపాలి. ‘ఎండలు మండుతున్నాయి, ఇంకాస్త ఎక్కువ వేయండి’ అని అడిగేవారున్నారు. గ్యాస్ ఎక్కువైతే కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి, వేడి వదిలే చోటు తగ్గి, చల్లదనం ఇంకా పడిపోతుంది.

తీసిన గ్యాస్‌ను యంత్రంతో పట్టి ఉంచే షాపును వెతుక్కోవడం మంచిది. గాలిలోకి వదిలేస్తే ఈ గ్యాస్ భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. చవకగా వస్తుందని హైడ్రోకార్బన్ మిశ్రమాలు నింపేవారి దగ్గరికి అసలే వెళ్లకూడదు. అవి చల్లబరుస్తాయి, నిజమే, కాని మంట అంటుకునే వాయువులు.

ఆటోనగర్‌లో ఈ పని చేసిన పెద్దాయన లీకు కోసం ముందు సబ్బునీళ్లు పట్టుకోలేదు. టార్చిలైటు తీసుకుని గొట్టాల కీళ్లన్నీ ఒక్కొక్కటిగా చూశారు. ‘గ్యాస్ ఒక్కటే పోదండీ, లోపల దానితో పాటు తిరిగే ఆయిలును కూడా వెంట తీసుకుపోతుంది, ఆ జిడ్డు మీద దుమ్ము పడుతుంది’ అన్నారు. కండెన్సర్ పైగొట్టం కీలు దగ్గర అలాంటి నల్లటి మరక దొరికింది. తరువాత నైట్రోజన్ నింపి సబ్బునీళ్లు రాస్తే సన్నటి బుడగలు వచ్చాయి. అక్కడ మార్చింది ‘ఓ రింగు’ అనే గుండ్రటి రబ్బరు సీలు ఒక్కటి మాత్రమే. పోయిన ఆయిలుకు బదులు కొలత ప్రకారం అదే రకం ఆయిలు పోశారు. కంప్రెసర్ ఆయుష్షు ఆ ఆయిలు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఈ మాట అడిగి మరీ చెప్పించుకోవాలి.

కంప్రెసర్ జోలికి వెళ్లవలసిన అవసరం నాకు రాలేదు. అరగంట చల్లగా ఉండి, తరువాత ఆగిపోయి, బండి చల్లారాక మళ్లీ పనిచేసే ఏసీల్లో కంప్రెసర్ మొత్తం పోయిందని చెప్పేవారుంటారు. చాలాసార్లు కంప్రెసర్‌ను ఇంజను బెల్టుతో కలిపే క్లచ్‌లో పళ్లేల మధ్య సందు అరుగుదల వల్ల పెరిగి, ఆ క్లచ్‌లోని అయస్కాంతపు చుట్ట వేడెక్కాక పళ్లేన్ని పట్టి లాగలేకపోవడమే అందుకు కారణం. పల్చటి వాషరు ఒకటి తీసి ఆ సందు తగ్గిస్తే సరిపోయే సందర్భాలున్నాయి. నిజంగానే కంప్రెసర్ మార్చవలసి వస్తే మాత్రం గొట్టాలు కడిగించడం, గ్యాస్‌లోని తేమను పీల్చే డ్రయ్యరు మార్పించడం మానకూడదు. పాత కంప్రెసర్ వదిలిన లోహపు పొడి కొత్తదాన్ని కూడా తినేస్తుంది.

ఇప్పుడు మే మధ్యాహ్నం బండి నడుస్తున్నప్పుడు మధ్య వెంటులో 9 డిగ్రీలు, సిగ్నల్ దగ్గర 13 డిగ్రీలు వస్తున్నాయి. వెనుక సీటుకు వెంట్లు లేని చిన్న కారు కాబట్టి అక్కడ కూర్చున్నవారికి చల్లదనం చేరడానికి ఇప్పటికీ సమయం పడుతుంది. ఎండలో నిలిపిన బండిని మొదట అద్దాలు దించి కొంత దూరం నడిపి, తరువాత అద్దాలు ఎత్తి లోపలి గాలే తిరిగే మీట వేస్తే ఆ సమయం తగ్గుతోంది. చలికాలంలో కూడా వారానికొకసారి కాసేపు ఏసీ వేస్తున్నాను, కంప్రెసర్ సీలుకు ఆయిలు అందకపోతే అక్కడే కొత్త లీకు మొదలవుతుంది. ఈసారి ఎన్ని గ్రాములు వేశారో, ఏ తేదీన వేశారో బానెట్ లోపల స్టిక్కరు పక్కనే రాయించాను. మళ్లీ ఎప్పుడైనా గ్యాస్ తీస్తే ఎంత తగ్గిందో ఆ అంకెతో పోల్చి చూడవచ్చు.