గట్టమ్మ దగ్గర ‘తొక్కు’

జూలై వచ్చిందంటే మా ఇంట్లో రాత్రి భోజనం తొమ్మిది దాటాకే. ఫ్రాన్సులో సాయంత్రం ఐదింటి ప్రాంతంలో ఆ రోజు స్టేజీ ముగుస్తుంది, మనకు అది ఎనిమిదిన్నర, తొమ్మిది. టూర్ ద ఫ్రాన్స్ అంటే మూడు వారాల సైకిల్ పోటీ: రోజుకొకటి చొప్పున 21 స్టేజీలు, సుమారు 3,500 కిలోమీటర్లు, మధ్యలో రెండు రోజుల విశ్రాంతి. “ఆ సైకిళ్లవాళ్లకు రెండు రోజులైనా సెలవుంది, నాకు అదీ లేదు” అంటూ మా ఆవిడ గిన్నెల మీద మూతలు పెడుతుంది. ఈ పిచ్చి నాకు అంటించినవాడు మా మేనల్లుడు. హనుమకొండలో మా ఇంట్లోనే ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాడు అంటించాడు గానీ, ముదిరింది నాకే.

2024 జూలై 13, రెండో శనివారం. మేనల్లుడు, వాడి నలుగురు స్నేహితులు గేర్ల సైకిళ్ల మీద రామప్పకు వెళ్తామన్నారు. హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్ల లోపే. నేనూ వస్తానన్నాను. మేనల్లుడు ఏమీ అనకుండా నా మోకాళ్ల వైపు చూశాడు. యాభై మూడేళ్లవాణ్ని అలా చూడటం మర్యాద కాదు గానీ, వాడి చూపులో న్యాయం ఉంది.

“మామయ్యా, పోటీకి సైకిలు తొక్కేవాళ్లు ఎంత ముఖ్యమో దారి పక్కన నిలబడేవాళ్లూ అంతే ముఖ్యం” అన్నాడు చివరికి. నన్ను వదిలించుకోవడానికే అన్నాడని తెలుసు. అయినా ఆ మాట నచ్చింది.

అది నిజం కూడా. ఆ పోటీకి టికెట్టు లేదు, గేటు లేదు. పోటీయే ఊళ్ల మీదుగా వస్తుంది, జనం గడప దాటితే చాలు. కొండల మీద మాత్రం రోజుల ముందే వచ్చి బండ్లు నిలుపుకుని, అక్కడే వండుకుని, అక్కడే పడుకుంటారు. ఆల్ప్ దుయెజ్ అనే కొండకు 21 మలుపులు, అందులో ఏడో మలుపు నెదర్లాండ్స్‌వాళ్ల అడ్డా, అంతా నారింజ రంగే. ఇష్టమైనవాళ్ల పేర్లు రోడ్డు మీద రంగుతో రాస్తారు. డీడీ జెంఫ్ట్ అనే జర్మన్ ఆయన 1993 నుంచి ఎర్రటి దుస్తులు, కొమ్ములు, చేతిలో శూలంతో సైకిళ్ల పక్కన ఎగురుతూ కనిపించేవాడు. మొదటిసారి చూసినప్పుడు, ఆషాఢంలో బోనాల పోతరాజు దారి తప్పి అక్కడికి చేరాడేమో అనుకున్నాను.

సరే, ఇవన్నీ మేమూ చేద్దామని మా బావమరిదిని బయలుదేరదీశాను. అతని అత్తగారి ఊరు వెంకటాపూర్ మండలంలోనే ఉంది కాబట్టి రాత్రి బస సమస్య లేదు. స్కూటరు, రెండు డజన్ల అరటిపళ్లు, ఒక విజిలు, సంచిలో పుట్నాలు, బెల్లం ముక్కలు. రోడ్డు మీద రాయడానికి రంగు కొనబోతే బావమరిది ఆపాడు. “బావా, ఇంట్లో ముగ్గు ఉండగా రంగెందుకు?” మా ఆవిడకు చెప్పకుండా ముగ్గు డబ్బా సంచిలో వేశాం.

పిల్లలు ఐదున్నరకు బయలుదేరారు. మేం తాపీగా కాఫీ తాగి వాళ్లను దారిలో అందుకున్నాం. గూడెప్పాడు క్రాస్‌రోడ్డు, మల్లంపల్లి, జాకారం. రెండు వైపులా పత్తి మొలకలు, అక్కడక్కడా పచ్చగా వరి నారుమళ్లు. ఆరున్నరకల్లా గట్టమ్మ దగ్గరున్నాం.

మేడారం వెళ్లేవాళ్లు ములుగు చేరేముందు మొదట మొక్కేది గట్టమ్మకే. గుడి దగ్గర రోడ్డు కొంచెం మిట్ట ఎక్కుతుంది. దాన్ని కొండ అంటే ఫ్రాన్సువాళ్లు నవ్వుతారు. ఆ రోజే అక్కడివాళ్లు ఎక్కబోయే తుర్మలే కనుమ 2,115 మీటర్ల ఎత్తు. మన వరంగల్లు నేల సముద్రమట్టానికి మూడు వందల మీటర్లకు అటూ ఇటూ. అయినా మాకు ఉన్నది ఈ మిట్టే. నలభై అయిదు కిలోమీటర్లు తొక్కి వచ్చినవాడికి ఇది తుర్మలేలాగే కనిపిస్తుందని బావమరిది వాదన. అతను స్కూటరు మీద వచ్చాడన్నది మరిచిపోవద్దు.

ముందు గట్టమ్మకు కొబ్బరికాయ కొట్టాం. తరవాత రోడ్డు అంచున, లారీలు రాని సందు చూసుకుని మేనల్లుడి పేరు, దాని కింద పెద్ద అక్షరాలతో ‘తొక్కు’ అని ముగ్గుతో రాశాం. ఫ్రాన్సులో ‘అలే’ అని రాస్తారు, పద పద అని. మనకు ‘తొక్కు’ కంటే సూటైన మాట ఏముంది?

ఐదు నిమిషాలు కాలేదు, మోటారు సైకిలు మీద ఒకాయన ఆగాడు. రోడ్డును చూశాడు, మా సంచిని చూశాడు.

“మామిడికాయ తొక్కా సార్? కిలో ఎంత?”

మన దగ్గర పచ్చడిని తొక్కు అంటారన్న సంగతి ఇద్దరికీ అంతవరకూ తట్టలేదు. కాదని విడమరిచి చెప్పాం. ఆయన మర్యాదగా విని, “అయితే చింతకాయదా?” అన్నాడు.

ఆ తరవాత ఆగినవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న: “ఎవరొస్తున్నారు? మంత్రిగారా?” ముగ్గు వేసి, రోడ్డు పక్కన ఇద్దరు పెద్దమనుషులు నిలబడి, చేతిలో విజిలు ఉంటే ఇంకేమనుకుంటారు? కాదు, సైకిళ్ల మీద పిల్లలొస్తున్నారని చెబితే కొందరు నవ్వి వెళ్లిపోయారు. కొందరు మాత్రం నవ్వి, ఆగారు. ఒక మేకల కాపరి, కొబ్బరికాయల దుకాణం ఆమె, ములుగు వైపు ఆటో కోసం చూస్తున్న కుటుంబం. ఎనిమిదయ్యేసరికి పన్నెండు మందిమి అయ్యాం. బావమరిది పుట్నాలు, బెల్లం పంచడం మొదలుపెట్టాడు. టూర్‌లో 1930 నుంచి ఇదే ఆచారం: సైకిళ్లకు గంటన్నర, రెండు గంటల ముందు కంపెనీల బండ్ల ఊరేగింపు వస్తుంది, టోపీలు, మిఠాయిలు, తాళంచెవి గొలుసులు జనంలోకి విసురుతుంది. పోటీ ఎవరు గెలిచారో తెలియని పిల్లలు కూడా ఆ టోపీ కోసం వస్తారు. మా బెల్లం కోసం ఆటో కుటుంబంలోని ఇద్దరు పిల్లలు మూడుసార్లు వచ్చారు.

ఏడున్నరకు వస్తామన్నవాళ్లు ఎనిమిదిన్నరకూ రాలేదు. వాన వచ్చింది. గుడి చూరు కింద నిలబడి చూస్తుండగానే మా ముగ్గు కరిగి రోడ్డంతా పాలలా పారింది. వాన వెలిసేసరికి ‘క్కు’ ఒక్కటే మిగిలింది. మళ్లీ రాద్దామంటే రోడ్డు తడి. కుటుంబానికి ఆటో దొరికింది, అయినా ఎక్కలేదు. “ఇంతసేపు చూశాం కదా, వాళ్లను కూడా చూసే పోతాం” అంది ఆ తల్లి. ఆ మాట నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

తొమ్మిది ఇరవైకి వచ్చారు. గూడెప్పాడు దగ్గర ఒక సైకిలు పంక్చరయిందట, తరవాత టీ అట. మొదట మేనల్లుడు, వాడి వెనక ముగ్గురు, ఇంకా వెనక ఒకడు. విజిలు ఊదాను. కొబ్బరికాయల ఆమె చప్పట్లు కొట్టింది, మేకల కాపరి కర్ర పైకెత్తి కేక వేశాడు, పిల్లలు పక్కనే పరుగెత్తారు. బావమరిది అరటిపండు చాచాడు, మేనల్లుడు అందుకోబోయి జారవిడిచాడు. అంతే. పది సెకన్లుంటుందేమో. వెళ్లిపోయారు. మూడు గంటల ఎదురుచూపు, పది సెకన్ల దర్శనం, నేల మీద నలిగిన అరటిపండు. ఆ అరటిపండును ఒక మేక తినేసింది.

నాకు నిరాశగా ఉండాలి. లేదు సరికదా, ఇంకో మిట్ట ఎక్కడుందా అని చూశాను.

రామప్ప గురించి ఎక్కువ రాయను, రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. 1213 నాటి గుడి, రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇటుకలు నీటిలో తేలుతాయి. ఆ రోజు నాకు గుర్తున్నది మాత్రం నల్లరాతి మదనికల ముందు బిగుతు దుస్తుల్లో నలుగురు కుర్రాళ్లు కాళ్లు చాపుకుని కూర్చోవడం. ఐదోవాడు లేడు. జంగాలపల్లి దాటాక అతని సైకిలు గొలుసు తెగిందట. కాసేపటికి దాణా బస్తాల మధ్య సైకిలు పట్టుకుని ట్రాలీ ఆటోలో దిగాడు. టూర్‌లో అందరికంటే వెనక ఒక బండి వస్తుంది, ఇక తొక్కలేనివాళ్లను ఎక్కించుకోవడానికి. ఊడ్చుకుపోతుంది కాబట్టి దాన్ని చీపురు బండి అంటారు. మేనల్లుడు “చీపురు బండి వచ్చింది!” అని అరిచాడు. ఆటో అతను తననేదో అన్నారనుకుని కిరాయి మరో యాభై పెంచాడు.

రాత్రి బావమరిది అత్తగారింట్లో బస. శనివారమని అవ్వ మాంసం వండనివ్వలేదు. పప్పుచారు, తోటకూర, అప్పడాలు. అవ్వ అంటే బావమరిది భార్యకు నాయనమ్మ, ఎనభై దాటాయి. వరండాలో చెంబుకు ఆనించి ఫోను పెట్టి పద్నాలుగో స్టేజీ చూస్తున్నాం. పో నుంచి ప్లా దదే శిఖరం వరకు, 152 కిలోమీటర్లు. అవ్వ మంచం దగ్గరకు జరుపుకుంది.

“ఇంత కొండ ఎందుకు ఎక్కుతున్నారు? పైన గుడి ఉందా?”

లేదన్నాను.

“మరి ఆ జనమంతా?”

“చూడటానికి వచ్చారు అవ్వా. కొందరు రాత్రి నుంచీ అక్కడే ఉన్నారు.”

“ఎంతసేపు కనపడతారు వీళ్లు?”

“రెప్పపాటు.”

అవ్వ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. “చిలకలగుట్ట దిగేటప్పుడు సమ్మక్క మాత్రం ఎంతసేపు కనపడుతుంది?” అంది. చిన్నప్పుడు ఎడ్లబండి మీద మేడారం వెళ్లేవారట, చెట్ల కింద వంట, జంపన్న వాగులో స్నానం. గద్దెల మీదికి సమ్మక్క వచ్చే ఆ గురువారం సాయంత్రం కోసం రోజుల తరబడి అడవిలో ఉండేవారు. తల్లి వచ్చేటప్పుడు తుపాకీ పేల్చిన చప్పుడు వినపడుతుంది, డోలు వినపడుతుంది, తోపులాటలో కుంకుమ భరిణె తప్ప ఇంకేమీ కనపడదు. “ఒకసారి అదీ కనపడలేదు. ముందున్నవాడి వీపే కనిపించింది. అయినా చూశామనే చెప్పుకున్నాం.”

తెర మీద పసుపు జెర్సీ పోగాచర్ చివరి ఐదు కిలోమీటర్ల లోపు ఒక్కసారిగా లేచి దూసుకుపోయాడు. స్లొవేనియావాడు. వెనక డెన్మార్క్ వింగెగార్డ్. పసుపు రంగు దేనికని అవ్వ అడిగింది. ఈ పోటీని 1903లో మొదలుపెట్టిన పత్రికను పసుపు కాగితం మీద అచ్చువేసేవారని, 1919 నుంచి ముందున్నవాడికి ఆ రంగు చొక్కా ఇస్తున్నారని చెప్పాను. “పసుపు మంచిదే” అని ఊరుకుంది.

అప్పుడే దారి పక్కన ఎవడో చిప్స్ పొట్లం ఊపుతూ సైకిళ్ల మీదికి చిప్స్ చల్లాడు. అవ్వ మంచం మీద లేచి కూర్చుంది. “వాడికేం పొయ్యేకాలం! తినేదాన్ని మనిషి మీద చల్లుతాడా?” ఇలాంటివాళ్లు ఎప్పుడూ కొందరుంటారని మేనల్లుడు చెప్పాడు. 2021లో మొదటి రోజే ఒకావిడ తన తాతకూ నానమ్మకూ టీవీలో పలకరింపుగా అట్ట పట్టుకుని రోడ్డు మీదికి వంగింది. ఒకరు గుద్దుకుని, ఆయన మీద ఒకరుగా గుంపంతా కూలింది. ఆమెకు 1,200 యూరోల జరిమానా వేశారు. అవ్వకు జరిమానా చాలలేదు.

నా కళ్లు మాత్రం వెనకాల గుంపు కోసం వెతుకుతున్నాయి. నా మనిషి బ్రిటన్ కావెండిష్, చదును దారిలో చివరి పరుగు ఆయన బలం. ముప్ఫై తొమ్మిదేళ్ల వయసులో ఆ జూలై 3న తన 35వ స్టేజీ గెలిచి, పాతతరం విజేత మెర్క్స్ రికార్డును దాటాడు. కానీ కొండ వస్తే గడువు దాటకుండా చేరుకోవడమే ఆయనకు పెద్ద పని. వాళ్లను కెమెరాలు చూపించవు. భోజనాలయ్యాక మేనల్లుడు ఫలితాల పట్టికలో వెతికి, ఉన్నాడని చెప్పాకే నిద్రపట్టింది.

ఆదివారం తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడానికేమీ లేదు. ఎదురుగాలి, నా నడుము నొప్పి. గట్టమ్మ దగ్గర కొబ్బరికాయల ఆమె చెయ్యి ఊపింది. ఆ రాత్రి ఇంట్లో పదిహేనో స్టేజీ, ప్లాటో ద బేయ్. పోగాచర్ మళ్లీ గెలిచాడు. 1998లో ఇటలీ సైక్లిస్టు పంతాని ఆ కొండ ఎక్కిన సమయం కంటే మూడు నిమిషాలకు పైగా తక్కువలో ఎక్కేశాడు. మేనల్లుడు అంకెలు చెబుతుండగానే ఫోను మోగింది. అవ్వ.

“ఆ పసుపు చొక్కా పిల్లవాడు ఈ రోజు కూడా గెలిచాడా?”

“గెలిచాడు అవ్వా.”

“చిప్స్ చల్లినవాణ్ని పట్టుకున్నారా?”

“పట్టుకున్నారట.”

“మంచిపని చేశారు. మీ ముగ్గు డబ్బా ఇక్కడే మరిచిపోయారు, అల్లుడికి చెప్పు.”

స్పీకరు పెట్టి ఉంది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.