మోడల్ టగ్‌బోటుకి దీపాలు పెట్టిన వైనం

నా 60 సెంటీమీటర్ల టగ్‌బోటు (వేరే ఓడల్ని లాగే పడవకి నమూనా) రిమోట్‌తో చక్కగా తిరగడం మొదలయ్యాక మిగిలింది దీపాలే. ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు, మాస్ట్ (పడవ మీది నిలువు స్తంభం) మీద ముందుకి చూసే తెలుపు. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నిబంధనల ప్రకారం మోటారుతో నడిచే ఓడకి ఇవి ఉండాలి. టగ్ అయితే ఇంకా సరదా. వేరే ఓడని లాగుతున్నప్పుడు మాస్ట్ మీద ఒకదాని కింద ఒకటిగా రెండు తెల్ల దీపాలు వెలగాలి, లాగుడు పొడవు 200 మీటర్లు దాటితే మూడు. వెనక తెల్ల దీపానికి పైన ఒక పసుపు దీపం అదనం. నేను టగ్‌ని ఎంచుకున్నదే ఈ దీపాల కోసం అంటే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

క్యాబిన్‌లో పెట్టాల్సినవి కూడా కలిపితే లెక్క పది ఎల్ఈడీలకి వచ్చింది. మామూలు ఎల్ఈడీకి 20 మిల్లీఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది దాటకూడని హద్దు, అంత ఇచ్చి తీరాలని కాదు. చిన్న పడవ మీద అంత కరెంటు ఇస్తే టార్చిలైటు మోసుకెళ్తున్నట్టు ఉంటుంది. కరెంటుని అదుపు చేసే రెసిస్టర్లు ఒక్కొక్కటే మారుస్తూ, గదిలో లైటు ఆర్పి, కాస్త దూరం నుంచి చూశాను. 3 మిల్లీఆంపియర్లు చాలనిపించింది. ఈ ఒక్క నిర్ణయంతో మిగతా పనులన్నీ తేలికయ్యాయి. బ్యాటరీ చిన్నదైనా సరిపోతుంది, వైరు వెంట్రుకంత సన్నగా ఉన్నా ఫర్వాలేదు.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న దగ్గర మాత్రం చాలాసేపు ఊగిసలాడాను. మోటారు బ్యాటరీ నుంచే తీస్తే, మోటారు గట్టిగా లాగిన ప్రతిసారీ వోల్టేజీ పడిపోయి దీపాలు మసకబారతాయి. రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్‌కి వచ్చే 5 వోల్టులు నిలకడగా ఉంటాయి, పది ఎల్ఈడీలకీ కలిపి 30 మిల్లీఆంపియర్లు దానికి ఒక లెక్కే కాదు. కానీ దీపాల వైరింగ్‌లో ఎక్కడైనా షార్ట్ అయితే రిసీవర్ ఆగిపోతుంది, పడవ చెరువు మధ్యలో ఉండిపోతుంది. దీపం ఆరితే ఇంటికొచ్చి చూసుకోవచ్చు, పడవ ఆగితే నీళ్ళలోకి దిగాలి. అందుకే వేరే బ్యాటరీయే పెట్టాను. ట్రిపుల్ ఏ సైజు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు వరసగా కలిపితే 4.8 వోల్టులు. 800 మిల్లీఆంపియర్ అవర్ సెల్స్ కాబట్టి 20 గంటల పైనే వస్తుంది. బరువు పెరుగుతుందన్న బాధ లేదు. టగ్ సరైన లోతున తేలాలంటే అడుగున ఎలాగూ బరువు వేయాల్సిందే, సీసం ముక్కలు కొన్ని తీసి ఆ చోట సెల్స్ పెట్టాను. 3 వోల్టుల బటన్ సెల్ ఇక్కడ పనికిరాదు. తెలుపు, ఆకుపచ్చ ఎల్ఈడీలకే దాదాపు 3 వోల్టులు కావాలి, ఇక రెసిస్టర్‌కి మిగిలేది ఏమీ ఉండదు.

ఎరుపుకి సుమారు 2 వోల్టులు పోతే 2.8 మిగులుతుంది. దాన్ని 3 మిల్లీఆంపియర్లతో, అంటే 0.003 ఆంపియర్లతో భాగిస్తే 933 ఓంలు, దగ్గర్లో దొరికేది 1 కిలో ఓం. ఆకుపచ్చకి ఇదే లెక్కలో 600 వస్తుంది కానీ లెక్కని నమ్మి ఊరుకుంటే ఎడమా కుడీ పొసగవు. మన కంటికి ఆకుపచ్చ ఎక్కువ కాంతిగా కనిపిస్తుంది. 2.2 కిలో ఓంల దగ్గర రెండూ జతగా కనిపించాయి, అక్కడ కరెంటు 1 మిల్లీఆంపియర్ చుట్టుపక్కలే. ప్రతి ఎల్ఈడీకి దాని రెసిస్టర్ దానికే ఉండాలి. ఎరుపునీ ఆకుపచ్చనీ పక్కపక్కన కలిపి ఒకే రెసిస్టర్ పెడితే, తక్కువ వోల్టేజీకే వెలిగే ఎరుపు కరెంటంతా లాగేసుకుంటుంది. ఆకుపచ్చ అసలు వెలగదు.

ఓపికంతా తిన్నది మాస్ట్. 3 మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం, దాని మీద 2 మిల్లీమీటర్ల పొడవున్న ఎల్ఈడీలు మూడు. గొట్టాన్నే నెగెటివ్‌గా వాడుకుంటే లోపలికి మూడు పాజిటివ్ వైర్లు చాలు. మోటారు చుట్టే వైండింగ్ వైరు, 0.2 మిల్లీమీటర్లది తీసుకున్నాను. దాని మీద ఉన్న ఎనామిల్ పూతే ఇన్సులేషన్. కొస దగ్గర బ్లేడుతో గీకి, ముందే టంకం పూసి ఉంచుకుంటే ఎల్ఈడీకి ఒక్క తాకుడుతో అతుక్కుంటుంది. ఎల్ఈడీ మీద ఉండే చిన్న గుర్తుని నమ్మకుండా మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో పెట్టి ఏది నెగెటివో చూసుకోవడం మేలు. గొట్టానికి వేసిన రంధ్రాల అంచు కత్తిలా ఉంటుంది, ఎనామిల్‌ని గీకేస్తుంది. సన్నని ఆకురాయితో నునుపు చేసి, వైరు దూరాక ఒక చుక్క వార్నిష్ వేశాను.

రెసిస్టర్లని ఎల్ఈడీల దగ్గర కాకుండా కింద, బ్యాటరీ పక్కన ఒక చిన్న బోర్డు మీద పెట్టాను. ఇక వైరు గొట్టానికి తగిలినా 1 కిలో ఓం గుండా 5 మిల్లీఆంపియర్లు పోతాయి, అంతే. మరి అప్పుడు వేరే బ్యాటరీ ఎందుకు అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బ్యాటరీకీ బోర్డుకీ మధ్య వైరు మాత్రం అలాగే ఉంది కదా. అక్కడ చిన్న ఫ్యూజ్ కూడా వేశాను, బోర్డుకి వార్నిష్ పూశాను. నాది కాస్త చాదస్తం.

క్యాబిన్ గోడలు సన్నని ప్లాస్టిక్ కాబట్టి వెలుగు గోడల్లోంచే బయటికొస్తుంది. లోపల ముందు నలుపు, దాని మీద తెలుపు వేస్తే కిటికీల్లోంచి మాత్రమే వస్తుంది. పక్క దీపాలు ఒక్కోటి ఎదుటి నుంచి 112.5 డిగ్రీల వరకే కనిపించాలి. వాటి వెనక చిన్న పలకలు అతికించి మెరుపులేని నలుపు పూశాను.

స్విచింగ్‌కి రిమోట్‌లో ఖాళీగా ఉన్న ఛానల్, దానికి రెండు అవుట్‌పుట్‌ల ఎలక్ట్రానిక్ స్విచ్. ఒకటి మామూలు దీపాలకి, రెండోది లాగేటప్పుడు వెలిగేవాటికి. చీకటి పడ్డాక చెరువులో వదిలి చూస్తే వెనక పసుపూ తెలుపూ దూరం నుంచి ఒకే ముద్దగా కనిపించాయి. తెలుపు రెసిస్టర్‌ని 3.3 కిలో ఓంలకి పెంచాక విడివిడిగా తెలిశాయి. బోర్డు కింద ఉండబట్టి మాస్ట్ విప్పకుండానే ఆ మార్పు అయిపోయింది.