రెండు రూపాయల మెసేజ్‌ని వదిలేయకండి

కార్డు వివరాలు కొట్టేసినవాడు చాలాసార్లు మొదటే పెద్ద మొత్తం లాగడు. ముందు రెండో, పదో రూపాయలు కోసి కార్డు పనిచేస్తుందో లేదో చూస్తాడు. అంత చిన్న మెసేజ్‌ని మనం పట్టించుకోమని వాడి ధీమా. అసలు దెబ్బ ఆ తర్వాతే.

విదేశీ వెబ్‌సైట్లు చాలావాటిలో ఓటీపీ అడగరు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న సీవీవీ చాలు. అందుకే బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరిచి ‘ఇంటర్నేషనల్’ మీట ఆపేయండి. ఈ ఒక్క పని మాత్రం ఇవాళే చేయండి, దయచేసి.

తెలియని కోత కనిపిస్తే, రూపాయైనా సరే, ముందు కార్డు బ్లాక్ చేయండి. తర్వాత బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు, 3 పనిదినాల్లోపు చెబితే నష్టం మీమీద పడకూడదని 2017లో రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఫిర్యాదు నంబరు, చేసిన టైము రాసిపెట్టుకోండి.