జీపు పుట్టిల్లు, మెట్టినిల్లు

మా నాన్నగారు పంచాయతీ సమితి జీపు డ్రైవరు. వేసవి సెలవుల్లో వెనక సీటులో కూర్చుని, కాన్వాసు టాపు టపటపలాడుతుంటే ఊళ్లు తిరిగిన నాకు జీపు అన్నది ఒక బ్రాండు పేరని చాలాకాలం తెలియదు. లారీ, బస్సు లాగా అదీ ఒక మాట అనుకునేవాణ్ని. అందుకే పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వరస్వామి దర్శనం అయ్యాక మా అమ్మాయి నయాగరా చూపిస్తానంటే, ముందు జీపు పుట్టిన ఊరు బట్లర్ తీసుకెళ్లమ్మా అన్నాను.

గంట ప్రయాణం. గుట్టల మధ్య చిన్న పట్టణం, గడియారపు గోపురం ఉన్న కోర్టు, జీపు ఇక్కడే పుట్టిందని చెప్పే నీలిరంగు ఫలకం. 1940 జులైలో అమెరికా సైన్యం తేలికపాటి నిఘా వాహనం కావాలని 135 కంపెనీలను అడిగింది. నమూనా ఇవ్వడానికి గడువు 49 రోజులు. దివాలా అంచున ఉన్న బాంటమ్ అనే ఇక్కడి చిన్న కంపెనీ ఒప్పుకుంది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు రెండు మూడు రోజుల్లోనే నమూనా గీశాడు. సెప్టెంబరు 23న ఆ బండిని స్వయంగా నడుపుకుంటూ మేరీలాండ్‌లోని హోలాబర్డ్ శిబిరానికి చేర్చారు. సాయంత్రం 5 గంటల గడువుకు అరగంట ముందు!

ఆ తరువాత జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మనసు కష్టపెట్టుకుంటాను. సైన్యం ఆ నమూనాను విల్లీస్-ఓవర్‌ల్యాండ్, ఫోర్డ్ అనే పెద్ద కార్ల కంపెనీలకు చూపించింది. వాళ్లిద్దరూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశారు. బాంటమ్ చేసినవి 3 వేలు కూడా లేవు. చివరికి ఆ కంపెనీకి దక్కింది జీపుల వెనక తగిలించే ట్రైలర్ల పని.

ఆ మధ్యాహ్నమే విల్లీస్ కర్మాగారం ఉన్న టొలెడో బయలుదేరాం, జీపు మెట్టినింటికి. ఒహాయోలో దారి పొడవునా మొక్కజొన్న చేలు. ఈ చేలే జీపును నిలబెట్టాయని నా నమ్మకం. యుద్ధం ముగిసిన 1945లోనే విల్లీస్ రైతుల కోసం సీజే-2ఏ అనే జీపు తెచ్చింది. వెనక తెరుచుకునే తలుపు, పక్కన స్టెప్నీ, పెద్ద హెడ్‌లైట్లు. ఇంజన్ శక్తితో రంపం తిప్పుకోవచ్చు, నాగలి లాగించుకోవచ్చు. సైనిక జీపు ముందు రేకుకు తొమ్మిది చీలికలుంటే దీనికి ఏడు. ఇప్పటి గుర్తు ఆ ఏడే. జీపును సృష్టించింది తామేనన్న విల్లీస్ ప్రకటనలను అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తప్పుపట్టినా, 1950లో ఆ పేరు విల్లీస్ సొంతమైంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా బొంబాయిలో బిగించడం మొదలుపెట్టినవీ విల్లీస్ బండ్లే. నాన్నగారి జీపు ఆ సంతతిదే.

టొలెడోలో పాత కర్మాగారాన్ని కూల్చేశారు. ఇటుకల పొగగొట్టం ఒక్కటే మిగిలింది, నిలువునా ‘ఓవర్‌ల్యాండ్’ అన్న అక్షరాలతో. దాని చుట్టూ మెల్లగా ఒకసారి నడిచాను. ఇప్పటి జీపులైన రాంగ్లర్లు ఈ ఊళ్లోనే తయారవుతున్నాయి.

తిరుగు ప్రయాణంలో మా ముందు ఒక పెద్ద లారీ కొత్త రాంగ్లర్లను మోసుకుపోతోంది. కాసేపు దాన్ని దాటవద్దని మా అమ్మాయితో అన్నాను.