తగినవేళ అన్నము

ఆదివారం సండే స్కూలు అయ్యాక ఒక పిల్లాడు ఇంటికి వెళ్లకుండా నా దగ్గరే నిలబడ్డాడు. ఎనిమిదో తరగతి. "టీచరమ్మా, వచ్చే నెలలోనే రాకడంట, యేసు ప్రభువు మళ్లీ వచ్చేస్తాడంట. ఫోన్లో తేదీతో సహా చెప్పారు. మరి పరీక్షలకు చదవాలా?" నవ్వొచ్చింది గానీ వాడి ముఖం చూసి ఆపుకున్నాను. టెన్షన్‌తో పొద్దున్న కూడా ఏమీ తినలేదట.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు మద్రాసు నుంచి ఇటు వచ్చేసింది. బడిలో ఒడియా, ఇంట్లోనూ ప్రార్థనలోనూ తెలుగు. వాడి ప్రశ్న మాకు కొత్త కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లాను ఊపేసింది. కొండల్లో చరియలు విరిగిపడి జనం పోయారు. రేకులు ఎగిరిపోతుంటే మా వీధిలో "ఇదేనా అంత్యదినం" అనని వాళ్లు లేరు, పక్కింటి మామ్మ తప్ప. గాలి తగ్గగానే ఆవిడ తడవని కట్టెలు వెతికి, డేక్సా నిండా చోడి అంబలి కాచింది. ఏ గుడికి వెళ్తారని ఎవరినీ అడగకుండా గిన్నెలు నింపింది.

పిల్లాడితో బైబిల్లో మత్తయి సువార్త 24వ అధ్యాయం తీయించాను. ఒలీవ కొండ మీద శిష్యులు అడిగిందీ ఇదే: ఎప్పుడు? ఆ దినం, ఆ గడియ తండ్రికే తెలుసన్నాడు ప్రభువు. నేను ఎప్పుడు చదివినా ఆగిపోయేది మాత్రం 45వ వచనం దగ్గర. ఇంటివాళ్లకు "తగినవేళ అన్నము" పెట్టే నమ్మకమైన దాసుడి మాట అది. యజమాని ఎప్పుడొస్తాడో వాడు లెక్కలు కట్టినట్టు ఎక్కడా లేదు. లెక్క కట్టింది అక్కడే చెప్పిన రెండోవాడు, చెడ్డ దాసుడు. ఆలస్యం అవుతుందిలే అనుకుని తోటి దాసుల్ని కొట్టాడు. ఫలానా తేదీ అని ఫోన్లో ధీమాగా చెప్పేవాళ్లూ వాడి బాపతే అనిపిస్తుంది నాకు. కోపగించుకునేవాళ్లు కోపగించుకోండి.

తొలినాళ్లలో థెస్సలొనీక పట్టణపు సంఘంలో కూడా ప్రభువు దినం వచ్చేసిందని పుకారు పుట్టింది. దాన్ని నమ్మొద్దని వాళ్లకు రాసిన ఉత్తరంలోనే, పని మానేసి తిరిగేవాళ్లకు అపొస్తలుడు పౌలు గట్టిగా చీవాట్లు పెట్టాడు.

"అయితే రాకడ లేదా టీచరమ్మా?"

"ఉందిరా. రోజూ ఎదురుచూస్తున్నాం. ముందు పద, అన్నం తిందువుగాని."

రెండుసార్లు చారు పోయించుకున్నాడు. సాయంత్రం లెక్కల పుస్తకం పట్టుకుని మళ్లీ వచ్చాడు. అందులో ఏడో లెక్క నాకూ రాలేదు.